లోపల ఏముందమ్మా? విలువెంత?

కొరియర్ కౌంటర్లో కుర్రాడు అడిగిన ఈ రెండు ప్రశ్నలకీ నేను చెప్పిన జవాబు నాకు పదిహేను వేల రూపాయల నష్టం తెచ్చింది. "బట్టలు బాబూ. ఓ ఐదొందలు రాసెయ్" అన్నాను. లోపల ఉన్నది ఉప్పాడ జాందానీ చీర. ఖరీదు 16,500 రూపాయలు. నెమలికంఠం రంగు, సన్నటి జరీ అంచు, ఒళ్ళంతా చిన్న చిన్న మామిడి పిందెలు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

మాది కాకినాడ. ఉప్పాడ కొత్తపల్లి మాకు పక్కనే. పిల్లలు పెద్ద చదువులకి వెళ్ళాక మధ్యాహ్నాలు ఖాళీగా ఉండి, తెలిసిన నేతవాళ్ళ దగ్గర చీరలు తెచ్చి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. మొదట చుట్టాలు కొన్నారు, తర్వాత చుట్టాల స్నేహితులు, ఆ తర్వాత నాకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. చీరకి నాకు మిగిలేది పన్నెండు వందలు, అందులో కొరియర్ ఖర్చు 180 పోతే వెయ్యీ ఇరవై. మా వారు దాన్ని "నీ టైంపాస్" అంటారు. ప్రేమగానే అంటారు, కాదనను.

ఆ నెమలికంఠం చీర బెంగళూరు వెళ్ళాలి. వెళ్ళలేదు. మూడు రోజుల పాటు ట్రాకింగ్‌లో "హబ్ దగ్గర ఉంది" అని చూపించింది, నాలుగో రోజు నుంచి ఏమీ చూపించలేదు. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చేవారు. ఇరవై రోజులు తిప్పి, పార్సిల్ పోయిందని ఒప్పుకుని, 500 రూపాయలు నా ఖాతాలో వేశారు. నేను గొడవ పెట్టుకోబోయాను. ఆ ఆఫీసాయన కోపం కూడా తెచ్చుకోకుండా నా రసీదు నాకే చూపించాడు. "మీరే కదమ్మా రాయించారు" అన్నాడు. ఏం చెప్పను? బీఏ తెలుగు చదివిన మనిషిని, రసీదు వెనక చీమల్లాంటి అక్షరాలు ఒక్కసారీ చదవలేదు.

కొన్న ఆవిడకి 16,500 తిరిగి ఇచ్చేశాను. "సగం మీరు భరించండి, సగం నేను భరిస్తాను" అని అడగమని మా వదిన సలహా ఇచ్చింది కానీ నాకది న్యాయంగా అనిపించలేదు. చీర ఆవిడ చేతికి చేరేదాకా బాధ్యత నాదే. నేతవాళ్ళకి అప్పటికే 15,300 ఇచ్చేశాను, వాళ్ళనీ అడగలేను. ఆ ఐదొందలూ తీసేస్తే నా చీటీ డబ్బుల్లోంచి పోయింది 14,980. చీరకి వెయ్యీ ఇరవై చొప్పున ఇంకో పదిహేను చీరలు అమ్మితే గానీ ఆ గొయ్యి పూడదు. అంటే ఇంచుమించు నాలుగు నెలలు ఉత్తపుణ్యానికి పనిచేయడం.

అప్పట్నించీ ఆలోచిస్తున్నాను, నేను ఐదొందలని ఎందుకు చెప్పానా అని. ఎక్కువ చెప్తే ఛార్జీ పెరుగుతుందేమోనని కొంత. పదహారు వేల చీరని పైకి చెప్తే లైన్లో ఉన్నవాళ్ళు వింటారు, ఎవరి కన్నైనా పడుతుందని కొంత. ఆ రెండూ కాక ఇంకోటి ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను చేసేది "టైంపాస్" అని నేను కూడా నమ్మాను. మా వారు షాపు సరుకు ఒక అట్టపెట్టె పంపినా బిల్లు, విలువ, సంతకం అన్నీ ఉంటాయి. నాది మాత్రం "ఏవో బట్టలు". మన చేతి మీదుగా వెళ్ళే వస్తువుకి మనమే విలువ తగ్గించి రాయిస్తే, పోయినప్పుడు ఇంకెవరో పెంచి ఇస్తారా?

అందుకే ఇంట్లోంచి అమ్మే ఆడవాళ్ళకి నేను మొదట చెప్పేది దొంగల గురించి కాదు. ముందు ఆ కాగితం మీద అసలు ధర రాయించండి. చాలా కొరియర్ల రసీదు వెనక వాళ్ళు ఎంతవరకు బాధ్యత వహిస్తారో ఒక చిన్న మొత్తం రాసి ఉంటుంది. అంతకు మించి కావాలంటే విలువ చెప్పి, ఇన్సూరెన్స్‌కి వేరే డబ్బు కట్టాలి. బంగారం, నగదు అయితే చాలామంది అసలు పంపకూడని వస్తువుల పట్టీలోనే పెడతారు. అది తెలియక "ఫ్యాన్సీ ఐటెమ్స్" అని రాసి బంగారు గొలుసు పంపితే, అది పోయాక అడగడానికి మనకి నోరు ఉండదు.

పోస్టాఫీసు నయం కదా అంటారు. నయమే. నేనిప్పుడు ఎక్కువగా అక్కడినుంచే పంపుతున్నాను. కానీ అక్కడా గుడ్డిగా ఉంటే కుదరదు. ఇన్సూరెన్స్ లేకుండా స్పీడ్ పోస్టులో పంపింది పోతే ఇచ్చేది మనం కట్టిన ఛార్జీకి రెట్టింపు గానీ, వెయ్యి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది. ఛార్జీ 90 అయితే చేతికొచ్చేది 180. లోపల పదహారు వేల చీర ఉందా, పాత పేపర్లున్నాయా అన్నదానితో వాళ్ళకి పనిలేదు. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలోనూ అంతే, నియమాల్లో రాసిన మేరకే తప్ప పోయినదానికీ ఆలస్యానికీ శాఖకి బాధ్యత లేదు. కాబట్టి ఇన్సూరెన్స్ అని నోరు తెరిచి అడగాలి. అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

రిజిస్టర్ పోస్టు విడిగా లేదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. నాకు కాస్త బెంగగానే అనిపించింది. మా తాతగారు ఇన్సూర్డ్ పార్సిల్ పంపాలంటే తెల్లగుడ్డలో పెట్టి సూదీదారంతో కుట్టించి, కుట్టు మీద ఎర్ర లక్క కరిగించి ముద్రలు వేయించేవారు. ఆ లక్క వాసన మాకు పండగ వాసనలా ఉండేది. పోనీలెండి, ఆ ముద్రలు పోయినా పనికొచ్చేవి రెండు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టుకి ఐదు రూపాయలు, దానిమీద జీఎస్టీ కడితే రిజిస్ట్రేషన్ చేస్తారు, చిరునామాలో ఉన్న మనిషికే ఇస్తారు. ఇంకో ఐదు కడితే కొన్నవాళ్ళ ఫోన్‌కి ఓటీపీ వెళుతుంది, అది చెప్తేనే పార్సిల్ చేతికిస్తారు. వాచ్‌మేన్‌కి ఇచ్చామనీ, పక్కింట్లో పెట్టామనీ కథలుండవు. పదీ పన్నెండు రూపాయల పని. మనం కరివేపాకు కొసరు కోసం వాదించినంత సేపు కూడా పట్టదు.

ఇక పార్సిల్ కట్టడం. వంటింట్లో కేకులకి పిండి తూచే చిన్న డిజిటల్ కాటా ఉంది కదా, అది నాకు లాయరు కన్నా ఎక్కువ పనికొచ్చింది. చీర విడిగా తూచి, డబ్బాతో సహా మళ్ళీ తూచి, ఆ అంకెలు కనబడేలా ఫోన్లో వీడియో తీస్తాను. మధ్యలో ఆపకుండా ఒకే వీడియో: చీర విప్పి కొంగు, అంచు, నేతలో ఏదైనా చిన్న పోగు తేడా ఉంటే అదీ దగ్గరగా చూపిస్తాను. మడత పెట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, టేపు మీద నుంచి అట్ట మీదికి వచ్చేలా సంతకం పెడతాను. టేపు ఎవరైనా లేపి అతికిస్తే సంతకం కలవదు. లోపల కూడా ఒక కాగితం మీద ఇద్దరి చిరునామాలూ రాసి పెడతాను, పై కాగితం చిరిగినా పనికొస్తుంది. పైన ఎక్కడా పట్టు అనీ, చీర అనీ, నా వాట్సాప్ గ్రూపు పేరూ రాయను. మా వైపు తుఫాను రోజుల్లో ప్లాస్టిక్ కవర్లు రెండు వేస్తాను.

ఆ కాటా ఎలా పనికొచ్చిందో చెప్తాను. పోయిన ఏడాది హైదరాబాదు నుంచి ఒకావిడ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఒకటే కేకలు. "ఖాళీ డబ్బా పంపిస్తారా? పోలీసులకి చెప్తాను" అని. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మునుపైతే ఏడ్చి, డబ్బు తిరిగి పంపేసి ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం వీడియో పంపాను, రసీదు ఫోటో పంపాను. చీర 460 గ్రాములు, డబ్బా, కవరు కలిపి 190, మొత్తం 650. పోస్టాఫీసు రసీదు మీద వాళ్ళు తూచినది 655. "డబ్బా మీ ఇంట్లోనే ఉందిగా, ఒక్కసారి దాన్ని తూచి చెప్పండమ్మా" అన్నాను. అరగంట ఏ సమాధానమూ లేదు. తర్వాత ఫోన్ వచ్చింది, గొంతు మారిపోయింది. వాళ్ళ అత్తగారు మధ్యాహ్నం డబ్బా విప్పి, కొత్త చీర కదా అని దేవుడి గదిలో అమ్మవారి దగ్గర పెట్టి, డబ్బా మళ్ళీ మూసి బల్ల మీద పెట్టారట. కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి డబ్బా విప్పింది. ఆవిడ ఇప్పుడు నా దగ్గర ఏడాదికి రెండు చీరలు కొంటుంది.

నా దగ్గర ఆ అంకెలే లేకపోతే ఏమయ్యేది? ఆవిడ నన్ను దొంగ అనుకునేది, నేను ఆవిడని దొంగ అనుకునేదాన్ని, ఇద్దరం నిజాయితీపరులమే. అందుకే రుజువులు ఉంచుకోవడం అంటే ఎదుటివాళ్ళని అనుమానించడం అని నేను ఒప్పుకోను. ఇప్పుడు చీర పంపేముందే ఒక మెసేజ్ పెడతాను: "డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి. వీడియో ఉంటే ఏ తేడా వచ్చినా నేను మార్చి ఇస్తాను." ఇంతవరకూ ఒక్కరు కూడా నొచ్చుకోలేదు. నొచ్చుకుంటారేమో అన్న భయం నా బుర్రలోనే ఉండేది.

డబ్బు సంగతికొస్తే మా పిన్ని కూతురు కథ చెప్పాలి. తను విజయవాడలో వెండి పూజ సామాను అమ్ముతుంది. ఒకాయన ఫోన్ చేసి, ఇంట్లో వ్రతం, సాయంత్రానికల్లా కావాలి, బైకు మీద పార్సిల్ అబ్బాయిని పంపిస్తున్నాను అన్నాడు. 22,000 వేశానని స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ వెంటనే తన ఫోన్‌కి డబ్బు జమైందని మెసేజ్ కూడా వచ్చింది. అప్పటికే గుమ్మంలో బైకు అబ్బాయి, "మేడం, లేటవుతుంది" అంటూ. పాపం, ఇచ్చేసింది. రాత్రి ఖాతా చూసుకుంటే పైసా లేదు. ఆ మెసేజ్ వచ్చింది బ్యాంకు నుంచి కాదు, మామూలు పది అంకెల ఫోన్ నంబరు నుంచి. బ్యాంకు మెసేజ్ లాగే టైపు చేసి పంపాడు. బైకు అబ్బాయికి ఏమీ తెలియదు, ఎవరో బుక్ చేస్తే వచ్చాడంతే.

స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. మెసేజ్ డబ్బు కాదు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, బ్యాలెన్స్‌లో కనపడిందే డబ్బు. గుమ్మంలో ఎవరు నిలబడ్డా నిలబడనివ్వండి, మంచినీళ్ళివ్వండి, కానీ ముందు చూసుకోండి. తొందర పెట్టేవాళ్ళనే ఎక్కువ అనుమానించాలని నాకు అనుభవం మీద తెలిసింది. ఇంకో రకం ఉన్నారు. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి" అంటారు. వాళ్ళు పంపనే లేదు, మనం వేసేది మాత్రం నిజమైన డబ్బు. మూడో రకం, డబ్బు రావాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ నొక్కామంటే మన డబ్బు పోతోందనే అర్థం. మోసపోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మా పిన్ని కూతురు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మొగుడు తిడతాడని.

వస్తువు అందాక డబ్బు తీసుకోవడం ఉంది కదా అంటారు కొందరు. ఉంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో పుస్తకాలు వీపీపీలో తెప్పించుకునేదాన్ని, పోస్ట్‌మేన్‌కి డబ్బిచ్చి కట్ట తీసుకునేదాన్ని. కానీ అమ్మే మనిషిగా చూస్తే అందులో బాధ వేరు. వాళ్ళు వద్దంటే రాకపోకల ఖర్చు మనదే, చీర పదిహేను రోజులు దేశమంతా తిరిగి నలిగి వస్తుంది. నాలుగైదు వందల వస్తువైతే సరే, పట్టుచీరకి నేను ఒప్పుకోను.

విదేశాలకి పంపడం గురించి ఒక్క మాట. ఇక్కడా ఐదొందలు రాయించే అలవాటే ఉంది మనవాళ్ళకి, కస్టమ్స్ తప్పించుకోవడానికి "గిఫ్ట్" అని. అమ్మిన వస్తువుని గిఫ్ట్ అని రాయడం అబద్ధం, పోతే అడగడానికీ ఉండదు. పైగా అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి చిన్న పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. ఆ గందరగోళంలో మన పోస్టాఫీసులు కూడా కొన్నాళ్ళు అక్కడికి పార్సిళ్ళు తీసుకోవడం ఆపి, అక్టోబరు 15 నుంచి మళ్ళీ మొదలుపెట్టాయి. సుంకం ఎవరు కడతారో కొనేవాళ్ళతో ముందే మాట్లాడుకోకపోతే తర్వాత స్నేహాలు చెడతాయి.

ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఓటీపీ, మంచి డబ్బా, అన్నీ కలిపితే ఖర్చు పెరుగుతుంది కదా, ఎవరు పెట్టుకోవాలి? నేను చీర ధరలోనే కలిపేస్తున్నాను, దాచకుండా చెప్పే కలుపుతున్నాను. "వేరేవాళ్ళు తక్కువకి ఇస్తున్నారు" అని ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాను. మునుపు ఆ ఖర్చు లేనట్టే ఉండేది. నిజానికి ఉండేది, ఏదో ఒక రోజు ఒకేసారి నా చీటీ డబ్బుల్లోంచి పోవడానికి కాచుక్కూర్చుంది.

సేవాలోపం మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చునని కూడా తెలుసుకున్నాను, కాస్త ఆలస్యంగా. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కదా, మనం వినియోగదారులం కాము అని అవతలివాళ్ళు వాదించొచ్చు, ఎందుకంటే 2019 చట్టంలో సొంతంగా పనిచేసుకుని బతకడం కోసం అన్న మినహాయింపు కొన్న వస్తువులకే రాసి ఉంది. 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. కానీ అక్కడా మొదట అడిగేది రసీదే. ఐదొందల రసీదు పట్టుకుని పదహారు వేలకి వాదించాలంటే నాకే నోరు రాలేదు.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. తేదీ, చీర రంగు, బరువు, ధర, రసీదు నంబరు, చేరిన రోజు. మా వారు ఒకరోజు తిరగేసి, "ఏడాదికి ఇంత అమ్ముతున్నావా?" అన్నారు. టైంపాస్ అన్న మాట ఆ రోజు నుంచి కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇన్ని కబుర్లు చెప్పాను కదా, నాకు ఇంకా చేతకానిది ఒకటుంది. బయటివాళ్ళని అడగడం వచ్చేసింది, అయినవాళ్ళని అడగడం రాలేదు. మా ఆడపడుచు తోడికోడలు పోయినవారం ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి 18,000 చీర కావాలంది. "పంపించెయ్యండి వదినగారూ, డబ్బులెక్కడికి పోతాయి" అంది. లోగడ ఇలాగే తీసుకున్న చీర డబ్బు ఎనిమిది నెలలకి వచ్చింది, అదీ రెండు విడతలుగా. ఈసారి "డబ్బు పడగానే అదే రోజు పంపిస్తానండీ, అందరికీ అలాగే చేస్తున్నాను" అన్నాను. ఆ ఒక్క వాక్యం అనడానికి గదిలోకెళ్ళి తలుపేసుకోవాల్సి వచ్చింది. అవతల కాసేపు మాట లేదు. "అలాగేలెండి" అని పెట్టేసింది. మా ఆడపడుచు రెండు రోజులుగా నా ఫోన్ తీయడం లేదు. చీర తూచి, వీడియో తీసి, డబ్బాలో సర్ది, విలువ దగ్గర 18,000 అని రాసి ఉంచాను. పార్సిల్ బీరువా మీద ఉంది. నిశ్చితార్థం వచ్చే గురువారం.